సగం సీసా

జనవరి 9

ఒరేయ్ తమ్ముడూ,

ముందు ఎక్కడైనా కూర్చో, తర్వాత చదువు. నిలబడి చదివితే నువ్వు కూడా నాలాగే గెంతుతావు.

కిందటేడు కొలెస్ట్రాల్ మాత్ర మొదలెట్టిన దగ్గర్నుంచి నా పిక్కల గోల విని విని నీ చెవులు చిల్లులు పడ్డాయి కదా. బైండింగ్ బల్ల దగ్గర గంటసేపు నిలబడితే చాలు, కాళ్ళు నావి కావన్నట్టు అయిపోయేవి. ఆఖరికి సిగ్గు విడిచి డాక్టరుకి చెప్పాను. కొందరికి ఆ మాత్రతో కండరాలు నొప్పి చేస్తాయట. ఆయన మోతాదు కొంచెం తగ్గించి, కావాలంటే కోఎంజైమ్ క్యూ10 అనే గొట్టాలు, అదే క్యాప్సూళ్ళు, వాడి చూడమన్నాడు. కొందరికి పనిచేస్తుంది, కొందరికి చెయ్యదు, ఖాయంగా చెప్పలేనన్నాడు. ఆ చివరి మాట నేను చెవిన వేసుకోలేదు.

ఇరవై మూడు రోజులైంది. నిన్న నలభై రిజిస్టర్ల కట్ట ఎత్తుకుని నేనే మేడమీదికి వెళ్ళానురా. జిగురు డబ్బా మర్చిపోయానని మళ్ళీ దిగి మళ్ళీ ఎక్కాను. నిజానికి మర్చిపోలేదు, ఎక్కడం సరదాగా ఉందని దిగాను.

మందుల షాపులో ఒకావిడ ఉంటుంది, ఓపిగ్గా చెప్తుంది. ఈ పదార్థం మన ఒంట్లోనే తయారవుతుందట, తిన్నది శక్తిగా మారడానికి ఇదుండాలట. వయసు మీదపడేకొద్దీ తగ్గుతుందట, కొలెస్ట్రాల్ మాత్ర దాన్ని ఇంకాస్త తగ్గిస్తుందట. గుండె నీరసించినవాళ్ళకి కూడా కొందరు డాక్టర్లు మిగతా మందులతో పాటు ఇస్తారని చెప్పింది. గుండె అనే మాట చెవిన పడగానే నువ్వే కళ్ళముందు మెదిలావు.

అందుకని కొత్త సీసా కొని సగం నీకు పంపుతున్నాను. మనిద్దరం కలిసి పుట్టినవాళ్ళం, ఏది వచ్చినా చెరి సగమే కదా. చెప్పుల జత ఒక్కటే కొన్నారని చెరొకటి తొడుక్కుని ఒంటికాలిమీద బడికి వెళ్ళింది మనమే. నలభై ఐదు గొట్టాలు లెక్కపెట్టి పిప్పరమెంటు డబ్బాలో పోశాను. సీసా ఒక్కటే కాబట్టి నా దగ్గరే ఉంది. పొద్దున భోజనం అయ్యాక ఒకటి వేసుకో, ఖాళీ కడుపుతో వద్దు. పొద్దుపోయాక అస్సలు వద్దు, నిద్ర పట్టదు.

ఫోన్ ఎందుకు చెయ్యలేదని అడక్కు. ఫోన్‌లో మనం మూడో నిమిషానికి పోట్లాటకి దిగుతాం. ఉత్తరంలో అయితే నేను చెప్పేది పూర్తిగా వింటావు.

గెంతుతూ,
అక్క


జనవరి 24

అక్కా,

డబ్బా చేరింది. మీ మరదలు మూత తీసి, వాసన చూసి, పిప్పరమెంట్లు అనుకుని ఒకటి నోట్లో వేసుకోబోయింది. ఆపేసరికి తల ప్రాణం తోకకి వచ్చింది. అప్పుడు మొదలుపెట్టింది చూడు: ఇదేం మందు, ఎవరిచ్చారు, డాక్టరుకి చెప్పారా అని. ఇది మందు కాదు, మా అక్క పంపిందన్నాను. రెండిటికీ తేడా ఏమిటో నువ్వే చెప్పాలి, నాకు తెలీదు.

నీకు తెలుసుగా, లిఫ్టులు బాగుచేసే నన్ను, గుండెలో లోహపు కవాటం పెట్టినప్పటి నుంచి తొమ్మిదేళ్ళుగా ఆఫీసులో బల్ల వెనక కూర్చోబెట్టారు. ఫలానా భవనంలో లిఫ్టు నాలుగో అంతస్తులో ఇరుక్కుందని ఎవరో ఫోన్ చేస్తారు, నేను రాసుకుంటాను, ఇంకెవరో పరిగెత్తుతారు. ఇంట్లోనూ అంతే. బకెట్ ఎత్తకు, వంగకు, ఆయాసపడకు. రోజూ సాయంత్రం రక్తం పలచబరిచే మాత్ర, నెలకోసారి రక్తపరీక్ష. నన్ను చూస్తే అందరూ గొంతు తగ్గిస్తారు.

అలాంటిది మొన్న పనివాళ్ళందరూ బయట ఉండగా ఒక ఫోన్ వచ్చింది. ఒక పెద్దావిడ లిఫ్టులో ఇరుక్కుంది. దగ్గర్లోనే కదా అని నేనే వెళ్ళాను. నాలుగో అంతస్తు. మెట్లెక్కాను అక్కా. మధ్యలో రెండుసార్లు ఆగాను, అంతే. తలుపు తెరిచేసరికి ఆవిడ నన్ను చూసి, ఇంత తొందరగా ఎలా వచ్చావయ్యా అంది. ఆ మాట కోసం నేను తొమ్మిదేళ్ళు ఆగాను.

పన్నెండు రోజులకే ఇంత గుణం కనిపిస్తే నలభై ఐదూ అయ్యేసరికి ఏమవుతుందో. నా చేతులు ఊరుకోవడం లేదు. పాత పనిముట్ల సంచీ దులిపాను.

నీ తమ్ముడు, మళ్ళీ మెకానిక్


ఫిబ్రవరి 3

ఒరే మెకానిక్కూ,

నీ ఉత్తరం బల్లమీద పెట్టుకుని ఏడ్చాను. పక్కన కూర్చుని పుస్తకాలు కుట్టే అమ్మాయి, ఎవరైనా పోయారా అమ్మా అని అడిగింది. పోయినవాడు తిరిగొచ్చాడన్నాను. దానికి అర్థం కాలేదు, నేనూ చెప్పలేదు.

మరదలితో చెప్పు, వదిన దగ్గర మర్యాదగా ఉండమని. తొమ్మిదేళ్ళు నిన్ను దూదిలో చుట్టి పెట్టింది, ఇక చాలు. ఆ పిల్ల మంచిదే, కాదనను. కానీ భయానికీ ఒక హద్దుండాలి.

ఇక నా సంగతి విను. నిన్న రక్తపరీక్ష కాగితం వచ్చింది. కిందటేడు రెండువందల నలభై ఉన్న కొలెస్ట్రాల్ నంబరు నూట డెబ్భై ఎనిమిదికి దిగింది. డాక్టరు అది మాత్ర వల్లే అంటాడు. అంటాడులే, మాత్ర రాసింది ఆయనే కదా. నేను మాత్రం గొట్టానికే దండం పెట్టాను.

ఎన్నో అంతస్తు దాకా వచ్చావో రాయి. కుశలం అడగను, అంతస్తు ఒక్కటే అడుగుతాను.

నంబరు దిగిన అక్క


ఫిబ్రవరి 15

అక్కా,

ఎనిమిది.

దీన్ని ఉత్తరం అనరని మీ మరదలు పక్కనుంచి అంటోంది కాబట్టి ఇంకాస్త రాస్తాను. ఎనిమిదో అంతస్తులో తాడు తిరిగే చక్రం దగ్గర మోటారు కాలిపోయింది. కుర్రకారు ముగ్గురు చుట్టూ నిలబడి ఫోన్లలో ఫొటోలు తీస్తున్నారు. నేను వెళ్ళి వాసన చూసి ఎక్కడ కాలిందో చెప్పాను. మా యజమాని నా భుజం తట్టి, రేపట్నుంచి వారానికి రెండు రోజులు బయటి పనులకి పొమ్మన్నాడు. నాకు కాళ్ళు నేలమీద నిలవడం లేదు.

నా నంబరు కూడా దిగింది. డాక్టరు కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, ఆకుకూరలు ఎక్కువ తింటున్నారా అన్నాడు. మీ మరదలు ఇంటికి రాగానే ఆకుకూరలన్నీ బంద్ చేసింది. పాత మాత్ర కొంచెం సరిచేసి రాశాడు. అదంతా మామూలే.

డబ్బా అడుగు కనిపిస్తోంది. సిగ్గు లేకుండా అడుగుతున్నాను.

నీ ఎనిమిదో అంతస్తు


ఫిబ్రవరి 24

తమ్ముడూ, తమ్ముడూ, తమ్ముడూ,

నాది దిగితే నీదీ దిగిందా! చూశావా, ఇద్దరిదీ ఒకటే రక్తమని అమ్మ ఊరికే అనేది కాదు. దిగినందుకు సంతోషించక ఆ డాక్టరు కళ్ళద్దాలు తుడుచుకోవడం దేనికి? ఆశ్చర్యపోయి ఉంటాడు.

కొత్త సీసా తెచ్చి మళ్ళీ సగం పోసి పంపుతున్నాను. నా సలహా ఏమిటంటే, ఇకనుంచి రెండేసి వేసుకో. ఒకదానికే ఎనిమిది ఎక్కినవాడివి, రెండైతే ఇక చెప్పేదేముంది. షాపావిడ నన్ను రెండు వేసుకోమనలేదు, అది వేరే సంగతి. నావి కాళ్ళు మాత్రమే, నీకు గుండె కూడా ఉంది కదా, అందుకని నీకు రెట్టింపు కావాలి. లెక్క సరిపోయింది.

ఇక్కడ నేను మూడు పెద్ద పనులు ఒప్పుకున్నాను. గ్రంథాలయం వాళ్ళవి ఐదువందల పాత పుస్తకాలు, అన్నిటికీ కొత్త అట్టలు వెయ్యాలి. ఈ వయసులో ఎందుకమ్మా అని అందరూ అంటున్నారు. ఈ వయసులోనే కదా మరి, పోయిన వయసులో కాళ్ళు నొప్పి పెట్టేవి.

పదో అంతస్తు ఎక్కిన రోజు వెంటనే రాయి.

పొంగిపోతున్న అక్క


మార్చి 8

అక్కా,

పదకొండు. పదో దాంట్లో ఆగబుద్ధి కాలేదు.

రెండేసి వేసుకుంటున్నాను. నంబరు మళ్ళీ దిగింది. డాక్టరుకి ఈసారి కోపం వచ్చింది, మాత్ర ఇంకా పెంచాడు. ఈయనకి దేనికీ తృప్తి లేదు. కొత్తగా ఏమైనా వాడుతున్నారా అని గుచ్చి గుచ్చి అడిగాడు. ఏమీ లేదన్నాను.

ఇంకో చిన్న సంగతి, నువ్వు కంగారుపడకు. మంగళవారం పదకొండో అంతస్తులో బోల్టు బిగిస్తుంటే ఎడమచేతి వేళ్ళు మొద్దుబారాయి. స్క్రూడ్రైవర్ జారి కింద పడింది. మాట కూడా కాస్త తడబడిందని పక్కనున్నవాడు అన్నాడు. రెండు నిమిషాలే, తర్వాత మామూలైపోయింది. వంగి పనిచేసి చాలా కాలమైంది కదా, నరం పట్టేసి ఉంటుంది. మీ మరదలికి చెప్పలేదు, నువ్వూ చెప్పకు. చెబితే నన్ను మళ్ళీ బల్ల వెనక్కి పంపేస్తుంది.

ఇక్కడినుంచి చూస్తే బస్సులు అగ్గిపెట్టెల్లా కనబడతాయి. నువ్వు కూడా చూడాలి.

పైనుంచి,
తమ్ముడు


మార్చి 13

తమ్ముడూ,

మొన్న ఫోన్‌లో నీమీద అరిచాను. ఎందుకు అరిచానో ఫోన్‌లో చెప్పేంత ఊపిరి నాకు లేదు. ఇప్పుడు రాస్తున్నాను.

నీ ఉత్తరం తీసుకుని షాపావిడ దగ్గరికి వెళ్ళాను. గొప్పలు చెప్పుకోడానికే వెళ్ళాను, దాచను. పదకొండో అంతస్తు దాకా చదివి వినిపించాను. ఆవిడా నవ్వింది. తర్వాత వేళ్ళు మొద్దుబారిన చోటికి వచ్చేసరికి ఆవిడ నవ్వు ఆగిపోయింది. ఆయన ఇంకేం మందులు వాడతారు అని అడిగింది. గుండెలో కవాటం ఉందని, రక్తం పలచబరిచే మాత్ర వాడతాడని చెప్పాను. ఆవిడ అల్మారాలోంచి ఒక సీసా తీసి, తిప్పి, నా ముందు పెట్టింది. వెనకవైపు చీమల్లాంటి అక్షరాలు. రక్తం పలచబరిచే మందులు వాడేవారు డాక్టరును అడగకుండా దీన్ని వాడరాదు.

అదే సీసా మన ఇంట్లోనూ ఉందిరా. నా బల్లమీదే, రోజూ కళ్ళెదురుగానే. ఎప్పుడూ వెనక్కి తిప్పి చూడలేదు. నీకు మటుకు గొట్టాలు పోసి పంపాను, సీసా మీది కాగితం నా దగ్గరే ఉండిపోయింది. నువ్వు చదవడానికి ఒక్క అక్షరం కూడా లేకుండా చేసి పంపాను.

ఆకుకూరలు ఎక్కువైతే జరిగినట్టే, ఇది కూడా కొందరిలో ఆ మాత్ర బలాన్ని తగ్గిస్తుందట. అప్పుడు నీ నంబరు దిగిందంటే రక్తం చిక్కబడుతోందని అర్థమట. కవాటం మీద గడ్డ కట్టొచ్చట, అది తెగి తలకెక్కొచ్చట. నా నంబరు దిగితే మంచిది, నీది దిగితే ప్రాణం మీదికి. నీది కూడా నా నంబరే అనుకున్నాను. నువ్వు దిగిందని రాసినప్పుడల్లా నేను ఇక్కడ గంతులేశాను. రెండేసి మింగమన్నాను. నా చేత్తో రాశాను.

అక్కడే, షాపు మెట్లమీద నిలబడే నీకు ఫోన్ చేసి, ఆపెయ్, ఇప్పుడే ఆపెయ్, డబ్బా పారెయ్ అని అరిచాను. నువ్వు సరే అన్నావు. లోపలికి వచ్చి ఆపించేశానని ఆవిడకి చెబితే, ఆవిడ నెత్తి కొట్టుకుంది. "ఆపమన్నారా? డాక్టరుకి చెప్పకుండానా? ఆయన ఈ గొట్టాలకి తగ్గట్టు ఆ మాత్ర పెంచుకుంటూ వచ్చాడమ్మా. ఇప్పుడివి ఆగిపోతే ఆ పెంచిన మాత్ర ఒక్కటే మిగులుతుంది. రక్తం ఆగకుండా కారొచ్చు."

అప్పటినుంచి, నిన్నంతా కూడా, నీకు ఫోన్ చేస్తూనే ఉన్నాను. ఎత్తడం లేదు. మరదలూ ఎత్తడం లేదు. అలిగావా, లేక ఇంకేమైనా జరిగిందా? ఈ ఉత్తరం రాయడం తప్ప నా చేతులకి ఇంకో పని దొరకడం లేదు. తీరుబడిగా వచ్చే వస్తువుని నమ్ముకుని ఇంత తొందర సంగతి రాస్తున్నానని నాకూ తెలుసు.

తిట్టడానికైనా ఫోన్ చెయ్యి.

అక్క


మార్చి 22

అక్కా,

బతికే ఉన్నాను. ఫోన్‌లో మీ మరదలు చెప్పింది విన్నావు, ఇప్పుడు నా వైపు కథ విను.

నువ్వు ఆపమన్న రోజే ఆపాను. ఈసారీ నీ మాట విన్నాను, అదే కొంప ముంచింది. నువ్వు ఫోన్లు చేసినన్నాళ్ళూ నా ఫోన్ పనిముట్ల సంచీలో ఆఫీసులోనే ఉండిపోయింది, మీ మరదలి ఫోన్ ఎప్పట్లాగే మూగదై వంటింట్లో పడి ఉంది. మాలో ఎవరూ అలగలేదు. గొట్టాలు ఆపాక రెండు రోజులు బాగానే ఉన్నాను. మూడో రోజు పొద్దున పళ్ళు తోముకుంటుంటే చిగుళ్ళనుంచి రక్తం మొదలైంది, ఆగదే. మధ్యాహ్నానికి ముక్కులోంచి. మీ మరదలు ఒక చేత్తో తువ్వాలు, ఇంకో చేత్తో నన్ను పట్టుకుని ఆస్పత్రికి తీసుకెళ్ళింది. నంబరు రెండున్నర, మూడున్నర మధ్య ఉండాలి, ఆ రోజు ఆరుకి దగ్గరగా ఉంది. అంతకుముందు ఒకటిన్నరకి పడిపోయినవాణ్ణి. నాలుగు రోజులు పడుకోబెట్టి, మాత్ర ఆపి, మందిచ్చి దింపారు. తలకి ఫొటో కూడా తీశారు. దెబ్బ జాడ ఏమీ లేదట. కానీ ఆ మంగళవారం వేళ్ళు మొద్దుబారింది నరం పట్టి కాదట. చిన్న గడ్డ ఏదో వచ్చి దానంతటదే కరిగిపోయి ఉంటుందట. కరక్కపోతే, అని డాక్టరు అంతటితో ఆపేశాడు.

ఇప్పుడు అసలు సంగతి చెబుతాను, అందుకే పక్కమీద కూర్చుని రాస్తున్నాను. నీ తప్పని ఏడుస్తున్నావట, మరదలు చెప్పింది. మానెయ్. డాక్టరు నన్ను రెండుసార్లు అడిగాడు, కొత్తగా ఏమైనా మింగుతున్నారా అని. రెండోసారి కాగితం ముందుపెట్టి, విటమిన్లయినా సరే, ఎవరైనా ఇచ్చిన పొడులైనా సరే, చెప్పండని అడిగాడు. నాకు తెలుసు అక్కా. మొదటిసారి నంబరు దిగినప్పుడే అనుమానం వచ్చింది. నీ నంబరు వేరు, నా నంబరు వేరని కూడా నాకు తెలుసు. నీ ఉత్తరం చదివి నువ్వు పొరపాటు పడ్డావని అర్థమైంది, అయినా దిద్దలేదు. రాస్తే నువ్వు డబ్బా పంపడం మానేస్తావు.

ఎందుకంటే తొమ్మిదేళ్ళుగా అందరూ నన్ను ఎలా ఉన్నావనే అడుగుతారు. నువ్వు ఒక్కదానివే ఎన్నో అంతస్తు అని అడిగావు. దానికి జవాబు రాయడం నాకు చాలా బాగుంది. ప్రాణం కన్నా బాగుంది అనిపించింది, ఆ తెలివితక్కువ రోజుల్లో.

ఆ బలం గొట్టాలదో కాదో తనకి తెలీదన్నాడు డాక్టరు. కొందరు గుండె రోగులకి మేలు చేసినట్టే ఉందట, ఇంకా గట్టిగా తేలలేదట, నాలాంటి మాత్ర వాడేవాళ్ళకైతే రక్తపరీక్షలు దగ్గర దగ్గరగా చేసుకుంటూ తప్ప ఇవ్వరట. ఏమో, సగం నీ ఉత్తరాల బలమే అయ్యుంటుంది. పని మళ్ళీ ఇస్తారో లేదో తెలీదు. మీ మరదలు నాతో మాట్లాడ్డం లేదు. అన్నం పెడుతోంది, మాట మాత్రం లేదు.

నన్ను కోప్పడు. కోప్పడ్డాక ఎప్పట్లా రాయి.

తమ్ముడు


ఏప్రిల్ 2

తమ్ముడూ,

కోప్పడతాను, నువ్వు అడగక్కర్లేదు. అరికాలి మంట నెత్తికెక్కి రెండు రోజులు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. నేను తెలియక చేశాను, నువ్వు తెలిసి చేశావు. ఇద్దరిదీ కలిపితే నువ్వు పోయేవాడివి. నీ చావు వార్త మరదలు నాకు ఫోన్‌లో చెప్పేది, నేను అప్పుడు కూడా సీసా వెనక్కి తిప్పి చూసుండేదాన్ని కాదు. ఏం చేస్తాం, గుండె జబ్బు కదా అనుకునేదాన్ని. ఇక్కడ కూర్చుని మిగతా సగం మింగుతూ ఉండేదాన్ని.

ఒక మాట సూటిగా రాస్తున్నాను. నాకు పదకొండో అంతస్తు ఎక్కే తమ్ముడు అక్కర్లేదు. తమ్ముడు కావాలి. బల్ల వెనక కూర్చున్నా, మంచంమీద పడుకున్నా, విసుక్కున్నా సరే, నువ్వు ఉండాలి. నువ్వు మాత్రం నేను అంతస్తులే అడుగుతున్నానని అనుకున్నావు. ఇకనుంచి ఎలా ఉన్నావనే అడుగుతాను. విసుగొచ్చినా జవాబు చెప్పాలి, నిజం చెప్పాలి.

నా సంగతి కూడా చెబుతాను. మళ్ళీ డాక్టరు దగ్గరికి వెళ్ళి సీసా బల్లమీద పెట్టి, నేను రోజూ మింగేవన్నీ వరసగా చెప్పాను. రక్తపోటు మాత్ర వాడుతున్నానని మొదటిసారి చెప్పడం మర్చిపోయాను చూడు. ఈ గొట్టాలతో రక్తపోటు కూడా కాస్త దిగొచ్చట. కొన్నాళ్ళు ఇవి ఆపి కాళ్ళు ఎలా ఉంటాయో చూద్దామన్నాడు, మాత్ర మోతాదు తగ్గించినందుకే నొప్పి తగ్గిందేమో కూడా తెలుస్తుందట. సరేనన్నాను. పన్నెండు రోజులైంది, కాళ్ళు బాగానే ఉన్నాయి. ఇంతకాలం దేనికి దండం పెట్టానో నాకే తెలీడం లేదు.

మరదలితో ఇవాళ పొద్దున మాట్లాడాను. అరగంట. మనలా పోట్లాడుకోలేదు. తొమ్మిదేళ్ళుగా నువ్వు నిద్రపోతుంటే నీ గుండె దగ్గర చెవి పెట్టి ఆ కవాటం టిక్కు టిక్కు వింటుందట, వినబడితేనే తనకి నిద్ర పడుతుందట. ఆ పిల్లని నేను భయస్తురాలని రాశాను. క్షమించమని అడిగాను. ఏడ్చింది, నేనూ ఏడ్చాను, తర్వాత ఇద్దరం కలిసి నిన్ను తిట్టుకున్నాం. నీ డాక్టరు దగ్గరికి తొమ్మిదో తారీఖున వెళ్ళాలట కదా, పొద్దున పదింటికి. లిఫ్టు పని మళ్ళీ ఎప్పుడు చెయ్యొచ్చో, ఎన్ని మెట్లు ఎక్కొచ్చో ఆ రోజే అడగాలట.

ఎనిమిదో తారీఖు బస్సుకి టికెట్ తీసుకున్నాను. గ్రంథాలయం పుస్తకాలు రెండు రోజులు ఆగుతాయి. ఆ గదిలో నీకు ఒకవైపు మరదలు కూర్చుంటుంది, ఇంకోవైపు నేను కూర్చుంటాను. ఈసారి కొత్తగా ఏమైనా వాడుతున్నారా అని ఆయన అడిగితే, నా మొహం చూసి జవాబు చెబుదువుగాని.

వస్తున్నాను. ఆస్పత్రి మెట్ల దగ్గర ఉండు, లోపలికి ముగ్గురం కలిసి వెళ్దాం.

అక్క